పన్నెండో ఆట

నాచారం,
జూన్ 22, 2003.

చి. ల. సౌ. సంతోషికి,

అన్న బాలరాజు ఆశీస్సులు. సికింద్రాబాద్‌లో రైలు కదిలేటప్పుడు రాజయ్య చెయ్యి ఊపాడు, నువ్వు మొహం తిప్పుకున్నావు. ఇంటికొచ్చి మీ వదినతో ఆ మాటే చెప్పి బాధపడ్డాను. ఖరగ్‌పూర్‌లో మీరు సామాను సర్దుకునేలోపే ఈ ఉత్తరం చేరాలని వెంటనే రాస్తున్నాను.

నీ మొగుణ్ణి ఇంకో ఊరి క్లబ్బుకు ఎందుకు ఇచ్చేశానో నీకు ఎవరూ సరిగా చెప్పినట్టు లేరు. మా ఫ్యాక్టరీల ఫుట్‌బాల్ లీగులో ఏ జట్టయినా ఆటగాళ్ళందరికీ కలిపి ఏడాదికి ఇంతకు మించి జీతాలు ఇవ్వకూడదని రెండేళ్ళ కిందట పరిమితి పెట్టారు. డబ్బున్న యజమాని మంచి ఆటగాళ్ళందరినీ ఎగరేసుకుపోకూడదని ఆ ఏర్పాటు. మొన్నటిదాకా అది ఎనిమిది లక్షలు. ఈసారి ఆరుకు దించారు. మా పంపుల ఫ్యాక్టరీ జట్టులో అందరికంటే పెద్ద జీతం రాజయ్యది. మేనేజరును నేను. యజమాని జనార్ధనరావు గారు నన్ను గదిలోకి పిలిచి, "బాలరాజూ, మీ చెల్లెలి భర్తని ఉంచుకుంటే నలుగురు కుర్రాళ్ళని తీసెయ్యాలి. జట్టు నీది, నువ్వే తేల్చుకో" అన్నారు. నేనేం చెయ్యను? సొంత బావమరిది కోసం నలుగురి పొట్ట కొట్టాడని రేపు మైదానంలో నన్ను వేలెత్తి చూపిస్తారు.

ఒక్క సీజన్ ఓపిక పట్టండి. జనవరిలో ఆటగాళ్ళను మార్చుకునే వీలు ఉంటుంది. అప్పుడు చూస్తాను. ఆ క్లబ్బు సెక్రటరీ రామ్మోహనరావు గారు మన తెలుగువారే, పెద్దమనిషి. ఏం కావాలన్నా అడగండి.

ఫోన్లు చెయ్యకు. ఫోనులో నువ్వు ఏడుస్తావు, నాకు మాట రాదు, బిల్లు మాత్రం వస్తుంది. ఉత్తరం రాయి.

నీ అన్న,
బాలరాజు


ఖరగ్‌పూర్,
ఆగస్టు 10, 2003.

అన్నకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివాక మనసు కుదుటపడింది. స్టేషన్‌లో నీ మీద కోపంతో మొహం తిప్పుకోలేదు. కళ్ళు తుడుచుకుంటుంటే నువ్వు చూస్తావని తిప్పుకున్నాను.

ఇల్లు బాగానే ఉంది. రైల్వే క్వార్టర్ల వెనక వీధి. ఎటు చూసినా మనవాళ్ళే. పక్కింటి అన్నపూర్ణమ్మ గారి తాతలు శ్రీకాకుళం నుంచి రైలుపని కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయారట. ఆమె మాటకు నేను నవ్వుతాను, నా మాటకు ఆమె నవ్వుతుంది. ఇక్కడి వాన మాత్రం ఆగదు. ఉతికిన బట్టలు ఇంట్లోనే దండెం మీద ముక్కిపోతున్నాయి.

ఆయన మొదటి ఆటలోనే రెండు గోల్స్ కొట్టారు. జనం భుజాల మీద ఎత్తుకుని తిప్పారు. ఇంటికొచ్చి మెట్టు ఎక్కబోయి ఆగిపోయారు. ఎడమ మోకాలు ఉబ్బింది. అక్కడ ఉన్నప్పుడు ఇలాంటిది నేను ఎన్నడూ చూడలేదు. ఉప్పు వేయించి మూటగట్టి కాపడం పెడుతుంటే, "క్లబ్బోళ్ళకు జెప్పకు సంతోషీ. కుంటుడు ఒక్కసారి సూసిన్రంటె మల్ల దిగనియ్యరు" అన్నారు. ఆయన బయట నవ్వుతూ తిరుగుతారు, ఇంట్లో గోడ పట్టుకుని నడుస్తారు.

జనవరిలో తప్పకుండా పిలిపించుకో అన్నా. జీతం తగ్గించినా పరవాలేదంటున్నారు. ఆయనకు కూడా నీ జట్టులో ఆడితేనే ఆడినట్టుంటుందట. వదినను అడిగానని చెప్పు.

నీ చెల్లెలు,
సంతోషి


నాచారం,
సెప్టెంబరు 14, 2003.

చి. ల. సౌ. సంతోషికి,

ఆశీస్సులు. ఇక్కడ అంతా క్షేమం. ఉప్పల్‌లో పెద్ద క్రికెట్ స్టేడియం కడతారట, ఎక్కడ విన్నా అదే మాట. క్రికెట్ వాళ్ళకు స్టేడియం, మాకు ఫ్యాక్టరీ వెనక గులకరాళ్ళ మైదానం. అయినా ఆడిన ఆటల్లో ఒక్కటే ఓడాం. రాజయ్య చోటులో కాకినాడ నుంచి కళ్యాణ్ అనే కుర్రాణ్ణి తెచ్చాను. సగం జీతానికే వచ్చాడు. నీ మొగుడి కాలులో ఉన్న మెరుపు వాడికి లేదు గానీ, చెప్పిన చోట నిలబడతాడు.

మోకాలు సంగతి రాశావు. ఆటగాడికి మోకాలు నొప్పి లేకుండా ఎలా ఉంటుంది? అక్కడ ఎవరైనా ప్రైవేటు డాక్టరును పట్టుకుని మోకాలిలోకి సూది వేయించుకోమను. ఆట రోజున నొప్పి తెలియదు. నేను ఆడే రోజుల్లో అందరం వేయించుకున్నాం. క్లబ్బు వాళ్ళకు తెలియనివ్వకపోవడమే మంచిదన్నాడు చూడు, అది తెలివైన మాట. జట్టులోంచి తీసేశారంటే జనవరిలో నేను జనార్ధనరావు గారి ముందు ఏ మొహం పెట్టుకుని అడగాలి? కూర్చున్నవాణ్ణి తెచ్చుకుందామంటే ఆయన వింటారా? ఒక్క ఆట కూడా మానకూడదు. ఆ మాట గట్టిగా చెప్పు. నీ మాటే వింటాడు.

నీ అన్న,
బాలరాజు


ఖరగ్‌పూర్,
నవంబరు 2, 2003.

అన్నకు నమస్కారాలు.

నువ్వు చెప్పినట్టే చేశాం. మొదట ఆయన ఒప్పుకోలేదు. "గా సూది మంచిది గాదు, లోపల గుల్లయితదంట" అన్నారు. నీ ఉత్తరం చేతికిచ్చి చదవమన్నాను. చదివి, "బావ అన్నడంటె ఇగ ఏముంది" అని లేచి చొక్కా వేసుకున్నారు. సూది పడిన రోజు గుర్రంలా పరిగెడుతున్నారు. తర్వాత రెండు రోజులు నేలమీద కాలు మోపలేరు. మళ్ళీ ఆట, మళ్ళీ సూది.

ఒక మాట రాయాలి. మొన్న రామ్మోహనరావు గారు కలిసి, "మీ అన్నయ్యకి మీరంటే ఎంత ప్రేమమ్మా. ప్రతి సోమవారం ఫోన్ చేసి రాజయ్య ఎన్ని ఆటలు ఆడాడని అడుగుతారు" అన్నారు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఫోను చెయ్యవద్దని నాకు రాసి, నువ్వు మాత్రం మా కోసం చేస్తూనే ఉన్నావు. ఈయనకు చెబితే తల ఊపి ఊరుకున్నారు. మనసులో పొంగిపోయి ఉంటారు.

ఇప్పటికి తొమ్మిది ఆటలు ఆడారు. నీకు తెలిసే ఉంటుంది.

నీ చెల్లెలు,
సంతోషి


నాచారం,
డిసెంబరు 3, 2003.

చి. ల. సౌ. సంతోషికి,

ఆశీస్సులు. పదకొండో ఆట తర్వాత రాజయ్యకు కొంత విశ్రాంతి ఇద్దామని రామ్మోహనరావు గారు అనుకుంటున్నారట. నేను వద్దన్నాను. మంచి ఊపులో ఉన్నవాణ్ణి కూర్చోబెడితే చెడిపోతాడని నచ్చజెప్పాను. నా మాట మీదే వచ్చే ఆటలో దించుతున్నారు.

ఈ ఒక్క ఆట ఆడితే చాలు. ఆ తర్వాత ఎన్ని వారాలు పడుకున్నా ఎవరూ ఏమనరు. జనవరి దగ్గర పడుతోంది. అన్నీ నేను చూసుకుంటాను. సూది మాత్రం మరవవద్దు.

నీ అన్న,
బాలరాజు


ఖరగ్‌పూర్,
డిసెంబరు 28, 2003.

అన్నకు,

ఆయన ఆ ఆట ఆడారు.

నేను మెట్ల మీద కూర్చుని చూస్తున్నాను. తలతో బంతిని కొట్టడానికి పైకి లేచి, దిగేటప్పుడు ఎడమకాలు మోపారు. ఆ చప్పుడు నాకు వినపడింది. మొదట బంతి పగిలిందనుకున్నాను. నలుగురు ఎత్తుకుని తీసుకొస్తుంటే కాలు మోకాలి దగ్గర ఒక పక్కకు తిరిగిపోయి వేలాడుతోంది. అంత నొప్పిలోనూ కేక వెయ్యలేదు. "గోలయిందా?" అని అడిగారు. కాలేదు.

దవాఖానాలో ఆపరేషన్ చేశారు. కర్ర సాయంతో నడుస్తారట. ఇక ఆట మాట ఎత్తవద్దని డాక్టరు చెప్పాడు. సూదులు వేసి వేసి లోపల మిగిలిందేమీ లేదన్నాడు.

మర్నాడు రామ్మోహనరావు గారు వరండాలో నిలబెట్టి నా మీద మండిపడ్డారు. "మీ అన్నయ్య మమ్మల్ని నిలువునా మోసం చేశాడమ్మా. రాజయ్యని మాకు ఇచ్చినందుకు సగం సొమ్ము ముందే తీసుకున్నాడు, పన్నెండు ఆటలు ఆడితేనే మిగతా సగం ఇవ్వాలని ఒప్పందం. అందుకే వారం వారం లెక్క అడిగాడు. మీ ఆయన ఇంకా మత్తులో ఉండగానే నాకు ఫోన్ చేసి, డ్రాఫ్టు ఎప్పుడు పంపుతారని అడిగాడు. మనిషి ఎలా ఉన్నాడని అడగలేదు" అన్నారు.

నేను నమ్మలేదు. మెలకువ వచ్చాక ఈయన్ని అడిగాను. గోడ వైపు తిరిగి చెప్పారు. "బావకు అంతా ఎర్కనే. మార్చిల బావనే నన్ను డాక్టర్ దగ్గరికి తోల్కపోయిండు. ఒక ఏడాది ఆడకుంటె కాలు సక్కగయితదని ఆయన జెప్పిండు. జీతాలకు హద్దు పెట్టిన్రు, ఊకె కూసున్నోనికి జీతమియ్య రాదు, ఇంకో జట్టుకు పంపుత, సంతోషికి జెప్పకు అన్నడు బావ. సరే అన్న." ఇంత జరిగాక కూడా నిన్ను బావ అనే పిలుస్తున్నారు.

నేను అడిగేది ఒక్కటే. నీకు తెలిసే నా చేత ఆ సూదులు వేయించావా? అబద్ధమైనా సరే, తెలియదని రాస్తే నమ్ముతాను. ఫ్యాక్టరీలో ఆయన ఫిట్టరు పని తిరిగి ఇప్పించు. వేరే ఏమీ అడగను.

సంతోషి


నాచారం,
జనవరి 11, 2004.

సంతోషికి,

తెలుసు.

అబద్ధం రాయమన్నావు గానీ, నువ్వు చిన్నపిల్లవు కావు. విను. ఆటగాణ్ణి అమ్మితే వచ్చిన సొమ్మును మాత్రం పరిమితికి పైన ఖర్చు పెట్టుకోవచ్చని లీగు నిబంధన. మొదటి సగంతో కళ్యాణ్‌ను తెచ్చాను. రెండో సగం రాకపోతే సంక్రాంతి తర్వాత ముగ్గుర్ని ఇళ్ళకు పంపాల్సి వచ్చేది. ఇద్దరు పెళ్ళయినవాళ్ళు. ఎలాగూ చెడిన మోకాలు. నా జట్టులో చెడితే సున్నా. అక్కడ చెడింది గనక ముగ్గురికి అన్నం దొరికింది. ఇది రాజయ్యకు అర్థమవుతుంది, అతను ఆటగాడు. నీకు కాదు.

ఫిట్టరు పని నిలబడి చేసేది. కర్ర పట్టుకున్నవాడికి ఇమ్మని నేను అడగలేను.

ఇంకొక మాట కూడా చెప్పనీ. నాన్న పోయాక నిన్ను చదివించింది నేను. రామంతాపూర్‌లో ఉద్యోగస్తుల సంబంధం చూసి మాట ఇచ్చింది నేను. నువ్వు నాకు చెప్పకుండా, ఫ్యాక్టరీలో లంచ్ టైములో బంతి తన్నుతుంటే నేను చూసి జట్టులోకి తెచ్చుకున్న పిల్లవాడితో గుట్ట మీది గుడికి వెళ్ళి పెళ్ళి చేసుకుని వచ్చావు. ఆ ఇంటివాళ్ళ ముందు తల వంచుకుని నిలబడింది కూడా నేనే. అయినా పోయిన రెండేళ్ళూ పరిమితి దాటిపోతుంటే అతని జీతంలో కొంత నీ పేరు మీద జెర్సీలు కుట్టిన కూలి అని రాయించి ఇప్పించాను. నువ్వు ఒక్క గుండీ కుట్టలేదు. నెలనెలా వచ్చి సంతకం పెట్టి తీసుకున్నావు. అప్పుడు ఇది న్యాయమా అని అడగలేదు.

కాలు నయమయ్యేదాకా అక్కడే ఉండండి. ఇక్కడికి వచ్చి చేసేదేమీ లేదు.

బాలరాజు


రామంతాపూర్,
ఫిబ్రవరి 1, 2004.

బాలరాజు గారికి,

పై చిరునామా చూసి ఆశ్చర్యపోకండి. మేము వచ్చి రెండు వారాలైంది. చెరువు వెనక సందులో ఒక గది తీసుకున్నాం. మీ ఇంటికి షేర్ ఆటోలో వస్తే ఎంతో దూరం లేదు. రాబుద్ధి కాలేదు.

మొన్న శుక్రవారం ఉప్పల్‌లో లీగు సెక్రటరీ విజయభాస్కర్ గారి ఆఫీసుకు వెళ్ళి జెర్సీల కూలి సంగతి చెప్పాను. మీ ఉత్తరం చూపించలేదు, అవసరం రాలేదు. కుట్టుమిషను తొక్కడం కూడా నాకు రాదని, నెలనెలా ఆ డబ్బు నా మొగుడి జీతమని చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "అమ్మా, ఇది నేను విన్నానంటే జట్టుని లీగులోంచి తీసెయ్యాలి. దాంతో ఆగదు. దొంగజీతం తీసుకున్న ఆటగాడి మీద కూడా వేటు పడుతుంది. మీ ఆయన ఇక ఆడడానికీ, ఆట నేర్పడానికీ వీల్లేదు. ఆలోచించుకుని రండి" అన్నారు.

ఈయన నా పక్కనే కూర్చుని ఉన్నారు. ఇక్కడి ఒక బడివాళ్ళు పిల్లలకు ఆట నేర్పమని ఈయన్ని అడిగారు. చిన్న జీతమే. లీగు నుంచి కార్డు తెచ్చుకుంటే వచ్చే నెల నుంచి చేరమన్నారు. ఆ మాట విన్న రోజు నుంచి ఈయన అన్నం సరిగా తింటున్నారు. ఇంట్లో నిమ్మకాయలు పేర్చి ఎవర్ని ఎక్కడ నిలబెట్టాలో చూసుకుంటున్నారు.

విజయభాస్కర్ గారి మాట పూర్తి కాకముందే నా చెయ్యి పట్టుకున్నారు. "వద్దు సంతోషీ. మంది పోరలు ఆడుతున్నరు ఆ జట్టుల. వాళ్ళేం జేసిన్రు? నాకు గీ బడి పని జాలు."

"నేను చెబుతాను" అన్నాను.

"నన్ను అడుగుతున్నవా, నాకు జెప్తున్నవా?"

"చెబుతున్నా."

చెయ్యి వదిలేశారు. నేను సంతకం పెట్టాను. మీ జట్టు మీకు ప్రాణమని నాకు తెలుసు, అందుకే పెట్టాను. మా ఇంటికి ఏం జరుగుతుందో కూడా తెలిసే పెట్టాను.

సంతోషి


నాచారం,
ఫిబ్రవరి 15, 2004.

సంతోషికి,

నువ్వు కోరుకున్నది జరిగింది. జట్టును లీగులోంచి తీసేశారు. జనార్ధనరావు గారు మైదానంలో గోలు స్తంభాలు పీకించి పైపులు పేర్పించారు. కళ్యాణ్ మర్నాటి రైలుకే కాకినాడ వెళ్ళిపోయాడు. నేను రాసిన ఆ ముగ్గురూ కూడా వెళ్ళిపోయారు. అందులో ఒకడు నా ఇంటికి వచ్చి గడప మీద కూర్చుని, లోపలికి రాకుండానే లేచి వెళ్ళాడు. నన్ను స్టోర్సులోకి మార్చారు. బోల్టులు లెక్కపెడుతున్నాను. సంతోషమా?

ఇక నీ సంగతి. రాజయ్య కనపడడం లేదని నువ్వు దవాఖానాలు, స్టేషన్లు తిరుగుతున్నావని విన్నాను. తిరగకు. పోయిన ఆదివారం పొద్దున్నే కర్ర పట్టుకుని ఫ్యాక్టరీ గేటు దగ్గరకు వచ్చాడు. "బావ, ఏడనన్న పని సూపియ్యి. ఆమెకు జెప్పకు" అన్నాడు.

"నా దగ్గరికెట్ల వచ్చినవ్? నా మీద కోపం లేదా?" అని అడిగాను.

"ఉన్నది. నువ్వు నా కాలు తీసినవ్. ఆమె ఆ బడి పిల్లల్ని గూడ తీసింది. ఇద్దర్ల ఒక్కలన్న నన్ను అడిగిన్రా? నీ మీద కోపం పెట్టుకొని బతుకుత గని, ఆమె మీద కోపం పెట్టుకొని ఆ ఇంట్ల పండలేను."

పని చూపించాను. ఎక్కడో రాయను. చెప్పవద్దని అతను అడిగాడు. చెప్పకపోవడంలో నాకూ ఇబ్బంది ఏమీ లేదు.

బాలరాజు


రామంతాపూర్,
మార్చి 1, 2004.

అన్నకు నమస్కారాలు.

ఇంతకు ముందు రాసిన ఉత్తరాలకు నువ్వు జవాబివ్వలేదు. ఇంటికి వస్తే వదిన తలుపు సగం తెరిచి, లేరు అంది. లోపల నీ దగ్గు వినపడింది.

తప్పు చేశానని రాయమంటే రాస్తాను. ఆయన ఎక్కడున్నారో ఒక్క ముక్క చెప్పు. నేను వెనక్కి రమ్మని అడగను. దూరం నుంచి చూస్తాను. ఆయనకు కట్టు మార్చడం రాదు. ఎడమ వైపు తిరిగి పడుకుంటే కాలు తిమ్మిరెక్కుతుంది, మెలకువ రాదు, ఎవరో ఒకరు లేపి తిప్పాలి. అక్కడ ఎవరు లేపుతున్నారు?

ఏం చెయ్యమన్నా చేస్తాను అన్నా.

నీ చెల్లెలు,
సంతోషి


నాచారం,
మార్చి 5, 2004.

సంతోషికి,

ఏం చెయ్యమన్నా చేస్తానన్నావు గనక రాస్తున్నాను.

విజయభాస్కర్ గారి దగ్గరకు వెళ్ళు. అన్న మీద కోపంతో అబద్ధం చెప్పానని, జెర్సీలు నువ్వే కుట్టావని సంతకం పెట్టు. లీగువాళ్ళకు కూడా జట్టు ఒకటి తగ్గి ఇబ్బందిగానే ఉంది, ఎక్కువ ప్రశ్నలు వెయ్యరు. మా మీద వేటు పోతే రాజయ్య మీద కూడా పోతుంది. ఆ బడి ఉద్యోగం అతనికి దొరకవచ్చు. నీకూ అందులో మేలే.

అది అయిన రోజు చిరునామా పంపుతాను.

బాలరాజు


రామంతాపూర్,
మార్చి 20, 2004.

అన్నకు,

నువ్వు చెప్పినట్టే చేశాను. కమిటీలో ఐదుగురు కూర్చున్నారు. ఒకాయన కుట్టుమిషను గురించి అడిగారు. అంతకు ముందు వారం రోజులు వెంకటనర్సమ్మ అని పక్కింటి టైలరమ్మ దగ్గర కూర్చుని నేర్చుకున్నవి చెప్పాను. ఇంకొకాయన, "సొంత అన్నయ్య మీద ఇంత అబద్ధం ఎలా చెప్పావమ్మా? ఎంతమంది కుర్రాళ్ళు రోడ్డున పడ్డారో తెలుసా?" అన్నారు. తల వంచుకుని నిలబడ్డాను. విజయభాస్కర్ గారు మాత్రం కాగితం నా ముందుకు జరుపుతూ, "ఎవరు పెట్టమంటే పెడుతున్నారు తల్లీ?" అని మెల్లగా అడిగారు. ఎవరూ లేరన్నాను.

రెండు వేట్లూ తీసేశారు. బడివాళ్ళను కూడా అడిగి వచ్చాను. ఆ చోటు ఇంకా ఖాళీగానే ఉంది, జూన్ దాకా ఆగుతామన్నారు. ఆ కబురు నేనే ఆయనకు చెప్పాలి. చిరునామా పంపు.

సంతోషి


నాచారం,
మార్చి 24, 2004.

సంతోషికి,

హన్మయ్య ధాబా, వరంగల్ రోడ్డు, అన్నోజిగూడ. ఘట్‌కేసర్ బస్సు ఎక్కి, ఆ ఊరు రాకముందే దిగాలి. లారీలు ఆగే చోటు.

బాలరాజు


అన్నోజిగూడ,
మార్చి 28, 2004.

బాలరాజు గారికి,

ధాబాలో నులకమంచం మీద కూర్చుని రాస్తున్నాను. హన్మయ్య గారే కాగితం ఇచ్చారు.

నేను పొద్దున్నే వచ్చాను. ఆయనకు ఇష్టమని సర్వపిండి చేసి తెచ్చాను. పేరు చెప్పగానే హన్మయ్య గారు గిన్నె కింద పెట్టి నా మొహం చూశారు. "రాజయ్యనా? ఆయన పోయి నెల దాటె గదమ్మా. శివరాత్రి అయిన వారానికే పోయిండు."

"ఎక్కడికి?"

"నాగ్‌పూర్ దిక్కు పోయే లారీ ఎక్కిండు. ఏడికన్న పోత అన్నడు. ఇక్కడ గల్లపెట్టె కాడ కూసుండబెట్టిన. మంచిగనే ఉండె. సాయంత్రం ఆ ఖాళీ జాగల పోరగాళ్ళు బంతాట ఆడ్తరు. గప్పుడు మాత్రం గోడ దిక్కు తిరిగి కూసునేటోడు. ఒక్కరోజు బంతి వచ్చి కాళ్ళ కాడ పడ్డది. పోరలు తన్నుమన్నరు. కర్ర ఆన్చి లేసి, మంచి కాలుతోని తన్నబోయి కింద పడ్డడు. పోరలు నవ్విన్రు. తెల్లారి లారీ ఎక్కిండు."

హన్మయ్య గారే మళ్ళీ అన్నారు. "మీ అన్నకు ఎర్కలేదా? ఆయన్నే పిలిపించి తన పెట్టె అప్పజెప్పిపోయిండు గద. మీ అన్ననే తీస్కపోయిండు. చాలాసేపు మాట్లాడుకున్నరు ఇద్దరు."

శివరాత్రి అయిన వారానికే. నేను అన్నా అని రాసి బతిమాలింది ఆ తర్వాత. మీరు షరతు పెట్టింది ఆ తర్వాత. నేను ఐదుగురి ముందు అబద్ధాలకోరునై నిలబడింది కూడా ఆ తర్వాతే.

ఆయన చేసిన దానికి నేను కూడా కారణమే. అది నేను మోస్తాను. ఇప్పుడు అడిగేది అది కాదు. చాలాసేపు మాట్లాడుకున్నారట. నా గురించి ఏమైనా అన్నారా? తిట్టినా సరే, రాయండి.

సంతోషి


నాచారం,
ఏప్రిల్ 2, 2004.

సంతోషికి,

ఉత్తరం అందింది. హన్మయ్య చెప్పింది నిజమే. పెట్టె నా దగ్గరే ఉంది. అందులో రెండు చొక్కాలు, ఒక దుప్పటి, మందుచీటీలు తప్ప ఏమీ లేవు. మనిషిని పంపితే ఇచ్చేస్తాను. నువ్వు రావద్దు.

నీ గురించి అన్నాడు. లారీ ఎక్కుతూ, "సంతోషికి గిది జెప్పు బావ" అని ఒక మాట చెప్పి, మరచిపోతానని మళ్ళీ ఒకసారి చెప్పాడు. మరచిపోలేదు. నీకు రాయను.

జట్టు తిరిగి వచ్చింది. పరిమితి ఈసారి ఇంకో యాభై వేలు దించారు. ఆదివారం కొత్త ఆటగాళ్ళ ఎంపిక ఉంది, పని చాలా ఉంది.

బాలరాజు